అర ఇంచు

యుద్ధం చుట్ట చుట్టుకొని వస్తది,
అట్టగొట్టంల, చైనా నుంచి, తడవకు నలభై.
విప్పి బల్ల మీద పరిస్తే
నాలుగు మూలల నాలుగు సులైమానీ గ్లాసులు పెట్టాలె,
లేకుంటే గుర్రాలు మళ్ల ముడుచుకుంటయి.

షువైఖ్‌ల మా దుకాణం.
ఏసీ గాలి కంటే కట్టెపొట్టే ఎక్కువ మింగుతం.
వచ్చినోళ్లు ఇది ఏ యుద్ధమని అడగరు,
సోఫా రంగు చెప్తరు.
"ఎర్రది తక్కువున్నది సూపియ్యి" అన్నది ఒకామె.
నెత్తురు తక్కువున్నది తీసి సూపిచ్చిన,
మబ్బు ఎక్కువున్నది.
అది పొగనే. నేను మబ్బనే చెప్పిన.
ముప్పై ఐదు దినార్లు. బంగారు అంచుకు ఇంకో పది.

మెట్‌పల్లిల ఉన్నప్పుడు
సచ్చిపోయినోళ్ల ఫోటోలకే ఎక్కువ కట్టిన.
కింద పేరు రాయిచ్చేటోళ్లు, తారీకు రాయిచ్చేటోళ్లు,
ఒక్క మనిషికి ఒక్క మొల.
ఇక్కడ మూడు వందల మంది సచ్చినోళ్లు
ఒక్క మొల మీద.

ఎవడు గెలిచిండో నాకు తెల్వదు.
తెల్లగుర్రం మీదున్నోడు ఎప్పుడైనా గెలిచినట్టే ఉంటడు.
నాకు తెలిసింది అంచు.
చట్రం కంటే కాన్వాసు అర ఇంచు ఎక్కువొస్తది,
కోసెయ్యాలె.
ఆ అర ఇంచుల ఎవలుంటరంటే, కత్తి లేనోళ్లు.
నీళ్లతిత్తి మోసేటోడు, డప్పు కొట్టేటోడు,
దొర దిగిపోయిన గుర్రాన్ని పట్టుకొని నిలవడ్డోడు.
మొత్తం బొమ్మల వాడొక్కడే
యుద్ధం దిక్కు చూస్తలేడు. నా దిక్కు చూస్తున్నడు.
ఇనుప పట్టీ పెట్టి బ్లేడు గుంజిన.
మోచేతి కాడ తెగిండు.
పగ్గం పట్టిన చెయ్యి లోపలుండిపోయింది,
మనిషి బయటవడ్డడు.

జాబ్రియాల రెండంతస్తుల ఇల్లు.
కొడుకు పెట్టిచ్చుకుంటున్నడు, తల్లి కుర్చీల కూసొని చూస్తున్నది.
షఫీకు నిచ్చెన పట్టిండు. నేను డ్రిల్లు వెట్టిన.
గోడ ఎదురు తిరగాలె కదా, తిరగలే.
ముగ్గిన జాంపండుల పుల్ల దిగినట్టు దిగింది.
తెల్లపొడి రాలింది. పుట్టీ. పాతది.
ముసలామె లేచింది.

అరబ్బీల ఏందో అన్నది, గట్టిగ కాదు.
వంటింట్ల నుంచి రాయచోటి రెడ్డెమ్మ వచ్చి చెప్పింది:
"ఆ తావున వద్దంటాంది నాయనా.
ఇరాకోళ్లు వొచ్చినబ్బుడు తగిలిన గుండంట అది.
పదకొండేండ్లుగా తుడస్తాండా ఈ గోడ,
నాకూ ఇబ్బుడే తెల్సె."

బొమ్మ పెడితే ఆ బొక్క మూసుకపోతది గదా
అన్నడట కొడుకు, ఫోన్ల నుంచి తల ఎత్తకుండనే.
ఆమె జవాబియ్యలే.
నేను చేసిన బొక్కల బొటనవేలు పెట్టింది,
బియ్యం నానినయా అని చూసినట్టు.
వేలికంటిన పొడిని అబాయాకు తుడుచుకోలే.
అట్లనే పట్టుకొని కూసున్నది.

దివానియాకు మోసుకపొమ్మన్నరు.
మెట్ల మలుపుల పట్టలే. నిలువుగ తిప్పినం.
పడ్డోళ్లందరు నిలబడ్డరు,
తెల్లగుర్రం మీదున్నోడు పడ్డడు.
జర సేపే. కింద వెడల్పు తలుపు వచ్చింది,
మళ్ల ఎవల జాగల వాళ్లు.
అర దినారు చేతుల పెట్టిండు కొడుకు, ఇద్దరికి కలిపి.

కోసిన ముక్కలన్నీ చెత్త డబ్బాలకు పోతయి,
అదొక్కటి ఎందుకో జేబుల వడ్డది.
ఖైతాన్ రూముల, నా పై మంచం ఇనుపకడ్డీకి అతికిచ్చిన.
నాలుగడుగుల పొడుగు, అర ఇంచు వెడల్పు:
జర పొగ, జర గడ్డి, ఒక మనిషి.
లైటు బందు చెయ్యమని కింది మంచమోడు అరుస్తుంటే
షఫీకు అడిగిండు, ఎవలు వీడు?
తెల్వదన్న.
గుర్రం ఏది మరి?
జాబ్రియాల ఉన్నదన్న,
చెయ్యి ఇంకా ఇడిసిపెట్టలే.